ఒక్క అంకె

మా సర్వర్ ఉండేది ఫెహ్మియా రొట్టెల కొట్టు పైగదిలో,
బూట్లు పెట్టుకునే అలమరలో.
తెల్లవారుజామున కింద పొయ్యి రాజేస్తే
పైన దానికి ఊపిరాడదు.
అందుకని శెవాలా అలమర తలుపు ఊడబీకి
దాన్నే బల్లగా వేసుకుంది.

మామూలు రోజుల్లో మమ్మల్ని చూసేది నలభై మంది.
చేపలు పట్టేవాళ్లు, ఇసుక తోలేవాళ్లు,
వంతెన అవతల ఎవరో అమ్మాయి ఉన్న కుర్రాడొకడు.
యెలోవ్నిచ ఏరు ఈ గంటకి ఎన్ని సెంటీమీటర్లు,
అంతే మేం చెప్పేది.
కొలబద్ద మాదే. నడుముకు తాడు కట్టుకుని దిగి
వంతెన మూడో కాలికి వెహీద్ బిగించాడు.
ఆనకట్ట కంపెనీది ఇంకోటుంది.
అది ఏ కాలంలో చూసినా
“సాధారణం” అంటుంది.

అక్టోబరు. బోస్నియా కొండల మీద మూడు రోజుల ముసురు.
రాత్రి పదిన్నరకి నలభై మంది నాలుగు వందలయ్యారు,
పదకొండుకి పదకొండు వేలు.
లోయలో ఇంతమంది మేలుకుని ఉంటారని నాకు తెలీదు.
ప్రతివాడూ బొటనవేలితో తలుపు తడుతున్నాడు.
తియ్యకపోతే మళ్లీ, మళ్లీ.
తట్టే చేతుల బరువుకే
ఇల్లు కూలేలా ఉంది.

“పడవ మునుగుతుంటే ఏం చేస్తారు?” అంది శెవాలా.
ముందు ఫోటోలు విసిరేశాం:
పూతకొచ్చిన రేగుతోటల పక్కన ఏరు, మంచులో ఏరు,
వెహీద్ పట్టిన చేప.
తర్వాత మ్యాపు. ఆర్నెల్లు కూర్చుని గీసింది ఆమే.
కళ్లార్పకుండా తీసేసింది.
తర్వాత రంగులు, అక్షరాల సోకులు,
అన్నిటికన్నా అడుగున చిన్నగా ఉన్న మా పేర్లు.
తెల్లటి పేజీ మీద ఒక్క అంకె మిగిలింది.

412

దాని కింద సమయం.
ఆవగింజంత పేజీ. ఊరందరికీ పంచినా తరగదు.
కింద ఫెహ్మియా పొయ్యి రాజెయ్యలేదు, మా అలమర కోసం.
ఊరికి రొట్టె లేని పొద్దు నా ఎరుకలో అదొక్కటే.

అప్పుడు మోగింది ఫోను.
ఆనకట్ట కంపెనీ మనిషి, మర్యాదస్తుడు.
ఇంత రాత్రివేళ లేపినందుకు మన్నించమన్నాడు,
మేం పడుకున్నట్టు.
“జనం బెదిరిపోతున్నారు. తెల్లారేదాకా ఆపండి చాలు.”
“గేట్లు ఎత్తారా?” అడిగింది శెవాలా.
కింది వీధి మోకాళ్ల దాకా నీళ్లలో ఉంటే
ఆయన నీళ్లు నమిలాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటు,
పన్నెండున్నరకి ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ల ఉత్తరం.
ఫిర్యాదు అందిందట. కనెక్షను ఆపుతున్నారట.
పెద్దమనసుతో అర్థం చేసుకోవాలట.
పచ్చదీపం నారింజ అయింది.
తర్వాత ఏ రంగూ కాలేదు.

మారిబోర్‌లో తదేయా అని ఒకావిడ ఉంది,
మేం ముఖం చూసింది లేదు.
ఎప్పుడో ఏదో తప్పు సరిచేసి పంపితే పరిచయం.
ఆ అర్ధరాత్రి మా పేజీని తన ఇంట్లో పెట్టుకుంది.
అద్దె సంగతి అడిగితే
“ముందు అంకె చెప్పండి” అంది.

వెహీద్ టార్చి పట్టుకుని వంతెన మీదికి వెళ్లాడు.
అతని కన్ను చూసింది, నోరు నాకు ఫోన్లో చెప్పింది,
నేను మెసేజీ కొట్టాను,
సరిహద్దు అవతల ఒకావిడ వేలు దాన్ని అచ్చేసింది.
పది నిమిషాలకొకసారి, తెల్లారేదాకా.
యంత్రాలన్నీ పోయాక
మేమే తీగలం.

438.
451.
466 దగ్గర కింది వీధి నడవడం మొదలుపెట్టింది,
పిల్లలు, కుట్టుమిషన్లు, పంజరంలో ఒక పిచ్చుక,
కొండమీది బడి వైపు,
మధ్యలో ఆగి ఫోను చూసుకుంటూ.

ఇప్పుడు మళ్లీ నలభై మందే.
ఫోటోలు పెట్టేశాం, మ్యాపూ పెట్టేశాం.
పేర్లు మాత్రం ఎందుకో పెట్టబుద్ధి కాలేదు.
చేప ఫోటో ఏదని నిలదీస్తూ పదకొండు ఉత్తరాలొచ్చాయి.
కంపెనీ వకీలు నుంచి ఒకటి.
అది బల్ల మీదే ఉంది, కాఫీ గిన్నె కింద,
గుండ్రంగా మరక పడి.

ఈ గంటకి 96.